చీటీ మోసేవాళ్లు చదవకూడదు

మాక్ పార్లమెంట్ ఎలా చేయించాలో అడగడానికి కొత్తగా ఉద్యోగంలో చేరిన సోషల్ టీచర్లు అప్పుడప్పుడు అమీర్‌పేటలోని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు ముందు టీ ఇస్తాను. ఆ తర్వాత, నేను పార్లమెంటును టీవీలో తప్ప ఎక్కడా చూడలేదని చెబుతాను. కొందరు సగం టీ వదిలేసి లేచిపోతారు. కూర్చుని మొత్తం తాగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు సులోచన. ప్రభుత్వ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం అమీర్‌పేట సందుల్లోని ఒక బడిలోనే గడిచింది. మా నాన్న సిరిసిల్లలో మగ్గం వదిలిపెట్టి వచ్చి పంజాగుట్టలో కుట్టుమిషన్ పెట్టుకున్నాడు. ఆయన ఒకటికి రెండుసార్లు కొలిచి బట్ట కత్తిరించేవాడు. నేను ముందు కత్తిరించి, ఆ తర్వాత ఎవరికి సరిపోతుందా అని చూసే రకం. ఈ తేడా నాకు ఎంత ఆలస్యంగా తెలిసిందో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

నేను నడిపిన ప్రభుత్వాలు

మాక్ పార్లమెంట్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. తొమ్మిదో తరగతి పిల్లలు మంత్రులుగా, ప్రతిపక్షంగా, స్పీకర్‌గా వేషం కట్టి ఒక గంట సేపు లోక్‌సభ నడుపుతారు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పిల్లలకు తెలియాలని దీని ఉద్దేశం. నా బడిలో మాత్రం ప్రశ్నలు రాసేది నేను, జవాబులు రాసేది నేను, ప్రతిపక్షం ఎక్కడ లేచి వాకౌట్ చేయాలో గీత గీసి చెప్పేది కూడా నేనే. అంత గట్టి నియంతృత్వం ఏ దేశంలోనూ ఉండి ఉండదు.

పదవుల పంపకంలోనూ అంతే. మార్కులు బాగా వచ్చేవాడు ప్రధాని. గొంతు పెద్దగా ఉన్న అమ్మాయి ప్రతిపక్ష నాయకురాలు. పొడుగ్గా ఉన్నవాడు మార్షల్. ఏ పనికీ పనికిరారని నేను అనుకున్నవాళ్లు వెనక బెంచీల మీద సభ్యులు. పిల్లలను చూసి కాక, నా వీలు చూసుకుని పంచాను. మీరూ అలాగే పంచుతారు, నాకు తెలుసు. ఆ మాట మనసులో పెట్టుకోండి చాలు.

మొదటి ఏడాది ప్రధాని సభ మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోయాడు. నేను తెర వెనక నుంచి గుసగుసగా అందించాను. అది ప్రధానికి వినపడలేదు గానీ స్పీకర్‌కు వినపడింది. తనకే చెబుతున్నాననుకుని, "రైతులకు మా ప్రభుత్వం అండగా ఉంటుంది అధ్యక్షా" అని స్పీకరే లేచి ప్రకటించింది. ప్రధాని ఊరట పడి కూర్చున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు నవ్వీ నవ్వీ అలసిపోయారు. ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

స్తంభం వెనక సీటు

ఇలా లాభం లేదు, అసలు సభ ఎలా నడుస్తుందో కళ్లారా చూడాలనుకున్నాను. ఢిల్లీ వెళ్లే తాహతు లేదు. తెలిసినవాళ్లను పట్టుకుని మన శాసనసభ గ్యాలరీకి పాస్ సంపాదించాను. పట్టుచీర కట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే నా సీటు ఒక స్తంభం వెనక పడింది. ఎంత మెడ సాచినా ముఖ్యమంత్రీ కనపడలేదు, ప్రతిపక్షమూ కనపడలేదు. కనపడిందల్లా అధ్యక్షుడి కుర్చీ, ఒకరిద్దరు మంత్రులు, ఒక పక్కన అధికారులు కూర్చునే చోటు, అక్కడి నుంచి లోపలికీ బయటికీ తిరిగే మెసెంజర్లు.

చూసేందుకు వేరే ఏమీ లేక వాళ్లనే చూశాను. మంత్రికి జవాబు తెలియకపోతే చీటీ మీద రాసి పంపుతున్నాడు. మెసెంజర్ తీసుకెళ్లి అధికారికి ఇస్తున్నాడు. అధికారి రాసిచ్చింది తెచ్చి మంత్రి చేతిలో పెడుతున్నాడు. అధ్యక్షుడి కుర్చీకీ, మాట్లాడుతున్న సభ్యుడికీ మధ్య నుంచి ఎవరూ నడవడం లేదు, చుట్టు తిరిగి వెళ్తున్నారు. పరుగెత్తడం లేదు. చీటీ విప్పి చూడటం లేదు. సభంతా బల్లలు చరుస్తున్న చప్పుడు వస్తున్నా వాళ్ల ముఖాల్లో ఏమీ లేదు. ఒకాయనైతే ఒక అధికారి పక్కన నిలబడి ఎంతసేపటికీ కదల్లేదు. జవాబు చేతికి వచ్చేదాకా కదలకూడదన్నమాట అనుకుని, అది కూడా నియమంగా బుర్రలో రాసేసుకున్నాను.

ఇంటికి వస్తూ బస్సులోనే నా సమస్యకు మందు దొరికింది. మాట మరిచిపోయిన మంత్రి చీటీ పంపాలి. తెర వెనక అధికారుల స్థానంలో నేను కూర్చుంటాను. జవాబు రాసి పంపుతాను. సభ మర్యాదా నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. దేశంలో మరే బడిలోనైనా మెసెంజర్లు ఉన్నారో లేదో తెలియదు గానీ, మా బడిలో వచ్చారు. పెద్ద సంస్కర్తనని మురిసిపోయాను. నిజానికి నేను కనిపెట్టింది నడిచే కాపీ చీటీని.

పాంప్లెట్ల అమ్మాయి

అమీర్‌పేటలో తెల్ల కాగితానికి కొదవ లేదు. మెట్రో మెట్ల దగ్గర నుంచి మైత్రీవనం వైపు నాలుగు అడుగులు వేస్తే చాలు, కంప్యూటర్ కోర్సుల పాంప్లెట్లతో చేతి సంచి నిండిపోతుంది. ముందు వైపు సాఫ్ట్‌వేర్, వెనక వైపు ఖాళీ. మా సభ చీటీలన్నీ అవే. ప్రతిపక్ష నాయకురాలు ఆవేశంగా చీటీ పైకెత్తి ఊపితే, చూసేవాళ్లకు "ఫ్రీ డెమో క్లాస్" అని కనపడేది.

నేను చెప్పబోయే ఏడాది మెసెంజర్ పదవి మమతకు దక్కింది. దక్కడానికి కారణం ఆమె ఆలస్యంగా రావడమే. మమత వాళ్లది యూసుఫ్‌గూడలో ఒక అద్దె గది. తల్లి ఎస్.ఆర్. నగర్‌లోని ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున తల్లికి సాయం చేసి బడికి వచ్చేసరికి పదవులన్నీ అయిపోయాయి.

"నీకు చీటీలు పంచే పని ఉంది, చేస్తావా?" అన్నాను, ఏదో దానం చేస్తున్నట్టు.

"పంచుడు నాకు వస్తది టీచర్. మా అన్న మెట్రో కాడ పాంప్లెట్లు పంచుతడు. సెలవుల్ల నేను సుత పోత" అంది మమత.

"ఎవరూ తీసుకోరు కదే అవి. నేను కూడా ముఖం తిప్పుకుని పోతాను."

"మొఖం చూస్తే తీస్కోరు టీచర్. చెయ్యి చూడాలె. నడిచేటప్పుడు చెయ్యి ముందటికి ఊగుతది గద, అప్పుడు కాయితం ఆడ పెడితే వేళ్లే పట్టుకుంటయి."

నా మీదే చేసి చూపించింది. నిజంగానే నా వేళ్లు పట్టుకున్నాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచి దులిపితే అందులో జావా కోర్సు వివరాలు నాలుగు రకాలు బయటపడ్డాయి.

నియమాలన్నీ చెప్పాను. చీటీ చదవకూడదు. అధ్యక్షురాలికీ మాట్లాడేవాళ్లకీ మధ్య నుంచి నడవకూడదు. పరుగెత్తకూడదు. చీటీ ఎవరి శాఖదైతే వాళ్లకే చేరాలి. జవాబు లేకుండా వెనక్కి రాకూడదు. సభలో ఏం జరిగినా నవ్వకూడదు, చప్పట్లు కొట్టకూడదు, బల్ల చరచకూడదు. మిగతా పిల్లలు వీటిని నాటకం అనుకున్నారు. మమత మాత్రం రోడ్డు దాటేటప్పుడు చూసుకున్నంత జాగ్రత్తగా విన్నది.

పెద్దసారు భయం

అప్పటి మా హెడ్‌మాస్టర్ రామ్మోహన్ గారు గుంటూరు వైపు మనిషి. నేను పనిచేసిన పెద్దసార్లలో మంచివాడు అనే చెప్పాలి. ఒకాయన ఉండేవాడు, సోషల్ పీరియడ్లు తీసుకెళ్లి లెక్కలకు ఇచ్చేసేవాడు. ఈయన అలా కాదు. ఈయనకు ఉన్నదల్లా భయం. పై అధికారి ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు.

ఆ ఏడాది భయపడాల్సిన కారణం నిజంగానే వచ్చింది. పిల్లల సంఖ్య తగ్గిందని మా బడిని పంజాగుట్ట అవతల ఉన్న మరో బడిలో కలిపేయాలని ప్రతిపాదన పెట్టారు. కాగితం మీద చూస్తే పెద్ద దూరమేమీ కాదు. కాగితం మీద రోడ్డు ఉండదు కదా. బంజారా హిల్స్ నుంచి దిగే కార్లు, ఫ్లైఓవర్ దిగే బస్సులు, ఎటు నుంచి వస్తాయో తెలియని బైకులు అన్నీ కలిసే చోటు అది.

మమత తల్లి బడికి వచ్చి నాతో చెప్పింది. "రోడ్డు అవతలి బడైతే పంపియ్య టీచరమ్మా. పొద్దుగాలనే నేను వంటకు పోవాలె. దీన్ని ఎవరు దాటిపియ్యాలె? ఇగ నాతోని హాస్టల్‌కే వస్తది. చపాతీలు మంచిగ చేస్తది."

ఆమె మాటల్లో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. మమత పక్కనే నిలబడి బూట్ల వైపు చూస్తోంది. అలాంటి తల్లులు మా బడికి ఇంకా ఉన్నారు.

ప్రతిపాదన మీద సంతకం పెట్టాల్సిన విద్యాధికారి మా మాక్ పార్లమెంటుకు జడ్జిగా వస్తున్నాడని తెలియగానే రామ్మోహన్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"సులోచన గారూ, మన పిల్లలు అదరగొట్టాలండీ. ఆయన చూసి ఇంత మంచి బడిని ఎందుకు మూయాలి అనుకోవాలి. కానీ ఆ తరలింపు గురించి మాత్రం ఒక్క మాట రాకూడదు. వస్తే ఆయనకి మండిపోద్ది. సరేనా?"

సరే అన్నాను. నా తెలివి కూడా అక్కడికే ఆగింది. బడిని కాపాడేందుకు హిందూ మహాసముద్రం మీద, అంతరిక్ష పరిశోధన మీద, ఐక్యరాజ్యసమితి మీద ప్రశ్నలు రాశాను. ఎంత పెద్ద మాటలు పలికితే బడి అంత గట్టిగా నిలబడుతుందని నమ్మాను.

నా శాఖ కాదు

సభ రోజు విద్యాధికారి ముందు వరసలో కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, మాట్లాడేటప్పుడు చేతులు బాగా తిప్పే మనిషి. పక్కన రామ్మోహన్ గారు. వేదిక మీద ఎత్తు కుర్చీలో స్పీకర్ ఆయేషా. విద్యాశాఖ మంత్రి సాయికిరణ్. ప్రతిపక్ష నాయకురాలు రమ్య. గోడ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని మమత. తెర వెనక పాంప్లెట్ల కట్టతో నేను.

అరగంట బ్రహ్మాండంగా నడిచింది. సాయికిరణ్ రెండుసార్లు చీటీ పంపాడు, నేను జవాబు పంపాను, ఎవరికీ తెలియలేదు. గర్వంతో ఒళ్లు తేలిపోయింది. అంతలో రమ్య అనుబంధ ప్రశ్న అడగడానికి లేచింది. హిందూ మహాసముద్రంలో ఓడరేవుల గురించి అడగాలి. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

"అధ్యక్షా, మా బడిని పంజాగుట్ట అవతలికి మారుస్తరంట. మరి ఆడపిల్లలు ఆ రోడ్డు ఎట్ల దాటాలె? మంత్రి గారు జవాబు చెప్పాలె."

కావాలనే అడిగావా అని ఆ తర్వాత నేను నిలదీస్తే, "లే టీచర్, ఓడరేవులు మర్చిపోయిన. మనసుల గదే ఉండె, గదే వచ్చింది" అంది. నేను రాసిచ్చినవి కాక వాళ్ల మనసులో కూడా ప్రశ్నలు ఉంటాయని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

సాయికిరణ్ పాంప్లెట్ వెనక ఏదో రాసి మమతకు ఇచ్చాడు. మమత తెచ్చి నాకు ఇచ్చింది. అందులో "ఏం చెప్పాలె?" అని మాత్రమే ఉంది. నాకేం తెలుసు? తెర సందులోంచి చూస్తే రామ్మోహన్ గారు కూర్చున్న చోటి నుంచే వద్దు వద్దు అని చెయ్యి ఊపుతున్నారు.

"ఇది నా శాఖ కాదు, పో" అని చీటీ వెనక్కి ఇచ్చాను.

మమత కదల్లేదు. "మరి ఎవరి శాఖ టీచర్?"

"బడులు మార్చేది నేనా? ఆ సారు కదా!" అని గడ్డంతో ముందు వరస వైపు చూపించాను. చిరాకులో అన్న మాట అది. ఇంట్లో పిల్లలు విసిగిస్తే, పోయి మీ నాన్ననడుగు అంటామే, అలాంటిది. కానీ మెసెంజర్‌కు అది ఉత్తర్వు.

రమ్య ఇంకా నిలబడే ఉంది కాబట్టి మమత ఆమెకూ స్పీకర్‌కూ మధ్య నుంచి వెళ్లలేదు. వేదిక వెనక నుంచి చుట్టు తిరిగి, మెట్లు దిగి, కొంచెం వంగి ముందు వరసకు నడిచింది. అక్కడ విద్యాధికారి రామ్మోహన్ గారితో ఏదో అంటూ చెయ్యి ముందుకు తిప్పాడు. మమత చీటీ ఆ చేతి ముందు పెట్టింది. వేళ్లు పట్టుకున్నాయి.

ఆయన చేతిలో ఉన్నదాన్ని ఆశ్చర్యంగా చూశాడు. ముందు వైపు "సందేహాలా? నేడే సంప్రదించండి" అని ఉంది. తిప్పి చదివాడు.

"ఏం చెప్పాలి అంటే? ఎవరికమ్మా?"

"మంత్రి గారికి సార్. జవాబు కావాలె."

"ఏయ్, ఏంటిది? లోపలికి పో ముందు!" అన్నారు రామ్మోహన్ గారు పళ్ల బిగువున.

మమత ఆయన వైపు చూసింది గానీ కదల్లేదు. జవాబు లేకుండా వెనక్కి రాకూడదని చెప్పింది నేనే కదా. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. సాయికిరణ్ లేచి, "అధికారుల నుంచి సమాచారం రావాల్సి ఉన్నది అధ్యక్షా" అన్నాడు. ఆ వాక్యం మాత్రం నేనే నేర్పాను. ఆయేషా ముందు వరస వైపు చూసి గంభీరంగా, "సభ వేచి ఉంటుంది" అంది. అది నేను నేర్పలేదు.

తెర వెనక నేను కుర్చీలోంచి లేవలేక, కూర్చోలేక సగం వంగి ఉండిపోయాను. ఆయన కోపంతో లేచి వెళ్లిపోతే బడి సంగతి అక్కడితో సరి. మమత చపాతీలు చేసుకోవాల్సిందే.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. రాసి ఇచ్చాడు. మమత చుట్టు తిరిగి వెళ్లి మంత్రికి అందించింది. సాయికిరణ్ చదివాడు. "పరిశీలనలో ఉన్నది అధ్యక్షా."

"ఎప్పటిదాంక ఉంటది?" రమ్య కూర్చోకుండానే అడిగింది. ప్రతిపక్షం బల్లలు చరిచింది. తాము ఏ పక్షమో మరిచిపోయి అధికార పక్షం కూడా చరిచింది. మంత్రి మళ్లీ చీటీ రాశాడు. మమత మళ్లీ మెట్లు దిగింది. ఈసారి ఆయన చెయ్యి చాపి తనే తీసుకున్నాడు. కాసేపు ఆలోచించి రాశాడు.

సాయికిరణ్ గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున నేనే వచ్చి, ఆ దారిలో నడిచి చూస్తాను అధ్యక్షా."

నడిచేది మంత్రా, అధికారా అని ఎవరూ అడగలేదు. సభ అయ్యాక రామ్మోహన్ గారు నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "మీ రిటైర్మెంట్ ఎప్పుడండీ?" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పేయాలి. తర్వాతి రోజుల్లో కూరగాయల బజారులో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. శాసనసభలో మెసెంజర్‌గా చేసి రిటైరైన మనిషి. జవాబు వచ్చేదాకా కదలకూడదన్న నియమం గురించి గొప్పగా చెప్పాను. ఆయన టమాటాలు ఏరడం ఆపి నవ్వాడు. "గట్ల ఏం నియమం లేదు మేడమ్. కాళ్లు గుంజి జర గోడకు ఆనుకొని నిలవడ్డడేమో." స్తంభం వెనక సీటులో కూర్చుని నేర్చుకున్న చదువు అలాగే ఉంటుంది. ఆ రోజు మమతను అక్కడ నిలబెట్టింది లోకంలో ఎక్కడా లేని నియమం.

డివైడర్ మీద

మర్నాడు బడి వేళకు ఆయన నిజంగానే వచ్చాడు. గేటు దగ్గర నుంచి నడక మొదలుపెట్టాం. ముందు మమత, వెనక ఆయన, రామ్మోహన్ గారు, నేను. పంజాగుట్ట దాకా మాటలు బాగానే సాగాయి. అక్కడికి వెళ్లాక మాటలు ఆగిపోయాయి.

సగం రోడ్డు ఎలాగో దాటి డివైడర్ మీదికి చేరాం. అక్కడ ఇరుక్కుపోయాం. ఆయన చేతిలో ఫోను, రామ్మోహన్ గారి చేతిలో ఫైలు, నా చేతిలో మమత చెయ్యి. నేను ఆమెను పట్టుకున్నానని చూసేవాళ్లు అనుకుని ఉంటారు. నిజానికి ఆమే నన్ను పట్టుకుంది. ట్రాఫిక్ భద్రత మీద ఏటా పాఠం చెప్పినదాన్ని, అడుగు కింద పెట్టలేక విగ్రహంలా నిలబడిపోయాను.

"మెట్రో మెట్లెక్కి అవతలికి దిగొచ్చు కదమ్మా?" అన్నాడు ఆయన హారన్ల మధ్య గొంతు పెంచి.

"దిగొచ్చు సార్. గానీ బడి ఆ మలుపు అవతల ఉన్నది. దిగినాక గిసొంటి రోడ్డే ఇంకొకటి దాటాలె."

"నువ్వు దాటగలవా?"

దాటలేను అని చెప్పవే తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. మమత అబద్ధం చెప్పలేదు.

"దాటుత సార్. నాకు భయం లేదు, మా అమ్మకు ఉన్నది. అమ్మ పంపియ్యది."

ఒక బస్సు మమ్మల్ని రాసుకుంటూ వెళ్లినంత దగ్గరగా వెళ్లింది. రామ్మోహన్ గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు, భయంలో మర్యాద మరిచిపోయి. కాసేపటికి ఆయన మమత వైపు తిరిగాడు.

"చీటీ ఉందా?"

మమత బ్యాగులోంచి పాంప్లెట్ తీసి ఇచ్చింది. ఫైలు మీద పెట్టి రాశాడు. మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. "మీ మంత్రి గారికి ఇవ్వు" అన్నాడు. అటు నుంచి అటే కారు పిలిపించుకుని వెళ్లిపోయాడు.

సభ ముందు

బడికి తిరిగి నడిచాం. చీటీ మమత పిడికిట్లో ఉంది. నేను ఊరుకోలేదు.

"ఒక్కసారి విప్పవే."

"చదవద్దు గద టీచర్. మీరే చెప్పిండ్రు."

"నువ్వు చదవకు. నాకు చూపించు, నేను చదువుతాను."

"మంత్రి గారికి ఇయ్యమన్నడు సారు."

రామ్మోహన్ గారు కూడా రంగంలోకి దిగారు. "అమ్మా మమతా, నేను హెడ్‌మాస్టర్ని తల్లీ. నాకు ఇవ్వొచ్చు."

"మీరు మంత్రి కాదు గద సార్."

ఆ చీటీలో ఉన్నది ఆమె చదువే. తను రేపు బడికి వస్తుందో, హాస్టల్ వంటింటికి వెళ్తుందో అందులో రాసి ఉంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, విప్పకుండా అంత దూరం నడిచింది. నేనైతే డివైడర్ దిగకముందే విప్పేసేదాన్ని. నేను పెట్టిన నియమాన్ని నా మీదే ప్రయోగిస్తుంటే కోపం వచ్చింది, ఆ పిల్లను చూస్తే గర్వంగానూ అనిపించింది. ఈ రెండింటి మధ్య నా చెప్పు తెగింది. మిగతా దారంతా కాలు ఈడ్చుకుంటూ నడిచాను.

సాయికిరణ్ గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతున్నాడు. మమత ఆట ఆగేదాకా గీత బయట నిలబడి, ఆ తర్వాత వెళ్లి చీటీ చేతిలో పెట్టింది. ఒళ్లంతా మట్టితో ఉన్న మంత్రి విప్పి చదువుకున్నాడు. మా ఇద్దరి ముఖాలు చూశాడు. మళ్లీ మడతపెట్టేశాడు.

"ఏముందిరా?" అన్నాను.

"సభల చెప్త టీచర్. రమ్య సభల అడిగింది గద."

చెవి మెలిపెడదామనుకున్నాను. కానీ వాడన్నది నిజం. ప్రశ్న సభలో పుట్టింది కాబట్టి జవాబు సభకే చెప్పాలి. ఈ నియమం కూడా నేను నేర్పిందే. నాకు నేను పెట్టుకున్న ఉచ్చులు ఎన్ని ఉన్నాయో ఆ రోజే లెక్క తెలిసింది.

తొమ్మిదో తరగతి గదిలో సభ కూడింది. ఆయేషా నా కుర్చీలో కూర్చుంది. రామ్మోహన్ గారు గుమ్మం దగ్గర నిలబడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. సంగతి తెలిసి మమత తల్లి కూడా వచ్చి కిటికీ బయట నిలబడింది. చేతులకు ఇంకా పిండి ఉంది. మమత వెళ్లి బ్లాక్‌బోర్డు పక్కన తన చోట నిలబడింది.

సాయికిరణ్ లేచాడు. చీటీ విప్పి చదివాడు.

"ఆ రోడ్డు పిల్లలు దాటాల్సిన అవసరం లేదు అధ్యక్షా. తరలింపు ప్రతిపాదనను నేను వెనక్కి పంపుతున్నాను. బడి ఇక్కడే ఉంటుంది."

అసలు ఉత్తర్వు మామూలు పద్ధతిలో, మామూలు ఆలస్యంతో తర్వాత వచ్చింది. ఆ క్షణంలో మాకు ఆ చీటీయే చాలు. గదిలో బల్లలన్నీ ఒక్కసారి మోగాయి. అధికార పక్షం, ప్రతిపక్షం, వెనక బెంచీలు అన్నీ. రామ్మోహన్ గారు తలుపు చరిచారు. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

మమత మాత్రం కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించి, కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే అలాగే నిలబడింది. సభలో ఏం జరిగినా మెసెంజర్ నవ్వకూడదు, బల్ల చరచకూడదు. వద్దులే, ఇప్పుడు ఆ నియమం లేదులే అని చెప్పబోయి ఆగిపోయాను. సభలో అధికారుల స్థానంలో ఉన్నవాళ్లకు మాట్లాడే హక్కు లేదు.

ఆయేషా చూసింది. బల్ల మీద డస్టర్‌తో కొట్టింది. సభ నిశ్శబ్దమైంది.

"మెసెంజర్ సుత బల్ల చరవొచ్చు. గిది నా రూలింగ్" అంది.

మమత చుట్టూ చూసింది. ఆమెకు బల్ల లేదు. మెసెంజర్లకు మేము ఎప్పుడూ బల్ల ఇవ్వలేదు. అప్పుడు నడుచుకుంటూ, పరుగెత్తకుండా, స్పీకర్‌కూ నిలబడి ఉన్న మంత్రికీ మధ్య నుంచి పోకుండా గదంతా చుట్టు తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ ఎత్తి చరిచింది. సుద్దముక్కల డబ్బా ఎగిరి కింద పడింది. మళ్లీ చరిచింది. కిటికీ అవతల వాళ్లమ్మ పిండి చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది.